అవతలివైపు అనుమతి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అంగళ్లవాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి, ఎవరేం చెప్పినా సగానికి బేరమాడి వినడం అలవాటు.

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేస్తాను. ఊళ్లు తిరగకుండా, కూర్చున్నచోటి నుంచే రిమోట్ సాఫ్ట్‌వేర్‌తో గిరాకీల కంప్యూటర్లలోకి వెళ్తాను. పుంగనూరులో ఇనుపసామాన్ల అంగడి మునెప్ప, చుట్టరికం లేకపోయినా నేను మామా అని పిలిచే ఆయన మాత్రం, అడగకుండా లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ పెట్టనిచ్చేవాడు కాదు. "నా అంగట్లోకి నేను రమ్మంటేనే రావల్లప్పా" అనేవాడు. ప్రతిసారీ అనుమతి బటన్ తనే నొక్కాలి. నొక్కాక తెరమీది బాణాన్ని హారతిలా మూడు చుట్లు తిప్పేవాడు. "కర్పూరం కూడా డౌన్‌లోడ్ చెయ్యాల్నా మామా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

ఆయన పోయిన కొన్ని నెలలకు, మధ్యాహ్నం పూట, కూతురు లక్ష్మి కుప్పం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"అన్నా, అమ్మకు అర్జంటుగా ఆపరేషనంట. ముందొకసారి మత్తుమందు పడక పానం మీదికొచ్చిందే, ఆ మందు పేరున్న రిపోర్టు నాన్న కంప్యూటర్లోనే ఉండాది. డాక్టర్లు అడగతాండారు."

"అంగడి తాళం యాడుందమ్మా?"

"నా దగ్గరే, ఈడే ఉండాది."

పుంగనూరు పోయి తాళం పగలగొట్టించేంత వ్యవధి లేదు. ఆశ లేకపోయినా ప్రయత్నించాను. మామ కంప్యూటర్ ఆఫ్‌లైన్ అని చూపించింది. రూటర్ ఆపి మళ్లీ వేశాను, ఫోన్ నెట్‌కు మారాను, సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించాను. అదే మాట.

ఇక లాభం లేదని లక్ష్మికి చెప్పబోతుండగా మామ కంప్యూటర్ పేరు పక్కన ఆన్‌లైన్ పచ్చచుక్క వెలిగింది. 'అవతలివారి అనుమతి కోసం వేచి ఉండండి' అని వచ్చింది. మూసిన అంగట్లో ఎవరు నొక్కుతారు?

అనుమతి వచ్చింది.

మౌస్ మీద నా చెయ్యి లేదు. బాణం నింపాదిగా మూడు చుట్లు తిరిగి, ఒక ఫోల్డర్ మీద ఆగింది. అందులో ఉంది రిపోర్టు. వెంటనే దాన్ని లక్ష్మికి పంపాను. మరుక్షణం అవతలివైపు నుంచే కనెక్షన్ తెగింది.

డాక్టర్లు మందు మార్చారు. లక్ష్మివాళ్లమ్మ, మా అత్త, బతికింది.

కోలుకున్నాక పలకరించడానికి వెళ్లి, అంగడి ఎవరు తెరిచారని అడిగాను. అత్త నన్ను వింతగా చూసింది.

"ఎవురు తెరుస్తారప్పా? మీ మామ పోయినంకనే కరెంటు తీపిచ్చేసినా. కంప్యూటర్ వైరు పీకి చుట్టిపెట్టింది కూడా నేనే."

నమ్మలేక లక్ష్మితో వెళ్లి చూశాను. తాళం తుప్పుపట్టి ఉంది. వైరు చుట్టి ఉంది, దానిమీద దుమ్ము పేరుకుని ఉంది. రిపోర్టు మాత్రం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఎంత బేరమాడినా ఈ సంగతిలో సగం కూడా తగ్గించలేకపోతున్నాను. ఆ రోజు నన్ను లోపలికి రమ్మన్నది ఎవరో నాకు తెలియదు.