నలభయ్యో కేసుకు నేను పెట్టిన సంతకం

ఒక నోటుబుక్కులో నేను రాసిన మూడు వాక్యాలను ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా, ప్రార్థన వాటి దగ్గరికి వచ్చేసరికి మాట దాటేసేవాణ్ని. దేవుడికి తెలుసు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ని. తెలిసినవాడి ముందు తల వంచుకోవడం సులువు. తెలియని మీకు చెప్పడమే కష్టం. అందుకే మీకు చెబుతున్నాను.

నేను మత్తు డాక్టర్ని. మా నాన్న మిషన్ బడిలో ఉద్యోగం దొరికి కోస్తా నుంచి సికింద్రాబాద్ వచ్చారు. రెజిమెంటల్ బజార్ నుంచి నడిచివెళ్లేంత దూరంలో ఉన్న ఒక ఆసుపత్రిలో నేను పనిచేసేవాణ్ని. ఇప్పటి యంత్రాలేవీ అప్పుడు లేవు. తీగ చట్రం మీద గుడ్డ కప్పిన మాస్కు, ఈథర్ సీసా, రెండు చేతులు. ఒక చేత్తో రోగి దవడ ఎత్తి పట్టుకోవాలి. రెండో చేత్తో గుడ్డ మీద చుక్క చుక్కగా ఈథర్ వేయాలి. చెవి ఊపిరి మీద ఉండాలి.

ఆ పని నేర్చుకునే డాక్టర్లను పరీక్షించడం కూడా నా బాధ్యతే. పరీక్ష అంటే కాగితం మీద కాదు, ఆపరేషన్ గదిలో, పని చేస్తుండగా. ఒక్కొక్కరికి ఒక నోటుబుక్కు ఉండేది. కేసు అయ్యాక నేను అందులో ‘నా సమక్షంలో’ అని మొదలుపెట్టి, ఎలా చేశారో రాసి, సంతకం పెట్టాలి. అలా నలభై కేసులు నిండితే ఆ మనిషి ఒంటరిగా మత్తు ఇవ్వొచ్చు. నేను గదిలో లేని కేసు చెల్లదు. ఆ నియమం పెట్టించింది నేనే.

అజీజ్ జనగామ నుంచి వచ్చిన యువ డాక్టరు. తండ్రి దర్జీ. కొడుకు చేతుల్లోనూ సూదిపని చేసేవాడి నిదానం ఉండేది. ముప్పై తొమ్మిది కేసులకు సంతకం పెట్టాను. ఒక్కదాంట్లోనూ వంక రాయలేదు. రాయడానికి ఏమీ లేదు.

నలభయ్యోది పోలీస్ చర్య రోజుల్లో వచ్చింది. ఫౌజులు ఊరి దగ్గరికొచ్చాయని ఒకరు, ఇంకా రాలేదని ఒకరు అనేవారు. నా భార్యాపిల్లలు బోయిన్‌పల్లిలో, తలుపులు బిగించుకుని ఉన్నారు. ఆ సాయంత్రం బన్సీలాల్‌పేట్ నుంచి నర్సయ్యను తీసుకొచ్చారు. బస్తాలు మోసే మనిషి. గజ్జల్లోకి పేగు దిగి బిగుసుకుపోయింది. ఆపరేషన్ ఆపడానికి లేదు. అజీజ్ మత్తు ఇచ్చాడు. నర్సయ్య ఊపిరి చక్కగా కుదురుకుంది. సర్జన్ కోత మొదలుపెట్టాడు.

అప్పుడే ఎవరో తలుపు సందులోంచి చెప్పారు, ఇక్కడి సర్కారు లొంగిపోయినట్టు రేడియోలో చెబుతున్నారని. రేడియో వరండా చివర గుమాస్తా గదిలో ఉంది. ఇప్పుడే వస్తానని అజీజ్‌కు సైగ చేసి వెళ్లాను. గదినిండా జనం. సగం మంది మొహాలు వెలిగిపోతున్నాయి, సగం మంది నేల చూస్తున్నారు. నా పిల్లలు ఇక బతికినట్టే అనుకున్నాను. పది నిమిషాలు నిలబడ్డానేమో. ఎక్కువేనేమో. దీనికి నన్ను నేను క్షమించుకోగలను. ఎవరైనా వెళ్లేవారేమో.

తిరిగి వచ్చేసరికి మాస్కు పక్కన పడి ఉంది. అజీజ్ రెండు చేతులతో నర్సయ్య దవడ ముందుకు లాగి పట్టుకుని ఉన్నాడు. సర్జన్ చేతిలో పేగు, కళ్లలో నిప్పులు. రోగి కదలడం మొదలుపెట్టాడు, పని ఆగిపోయింది. ఎవరు మాస్కు తీయమన్నారని ఆయన అరుస్తున్నాడు. నన్ను చూసి, మీరు చూస్తూ ఎలా ఊరుకున్నారని అడిగాడు. నేను బయటికి వెళ్లిన సంగతి ఆయన గమనించలేదని అప్పుడు తెలిసింది.

నర్సయ్య పెదవులు అప్పటికే మామూలుగా ఉన్నాయి. నేను దుప్పటి కింద అతని చెయ్యి తీసి చూశాను. గోళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి. అంటే ఊపిరి ఆగింది. అంటే అజీజ్ చేసిందే సరైన పని, ఆ క్షణంలో చేయాల్సిన ఒకే పని. నాకు పూర్తిగా అర్థమైంది. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఆ చేతిని మళ్లీ దుప్పటి కిందికి పెట్టేశాను.

“కొత్త కదా, భయపడ్డాడు” అన్నాను సర్జన్‌తో.

అజీజ్ తల ఎత్తలేదు. మళ్లీ మాస్కు పెట్టి, మళ్లీ చుక్కలు వేయడం మొదలుపెట్టాడు.

మర్నాడు నోటుబుక్కులో రాశాను. ‘నా సమక్షంలో. కారణం లేకుండా భయపడి మాస్కు తీసి ఆపరేషన్‌కు ఆటంకం కలిగించాడు. ఒంటరిగా పనిచేయడానికి తగడు.’ ఎందుకు రాశాను? నిజం రాస్తే, గదిలో లేనని రాయాలి. కేసు మధ్యలో గది వదిలిన మత్తు డాక్టర్ని ఏ ఆసుపత్రీ ఉంచుకోదు. ఇంతేనా? ఇంతే అయితే మూడు వాక్యాలు రాసేముందు ఒక్కసారైనా ఆగాలి కదా. ఆగలేదు. ఆ వారం అజీజ్ అనే పేరున్న మనిషి తరఫున ఎవరూ మాట్లాడరని నాకు తెలుసు. అతని మతం గురించి నేను ఒక్క అక్షరం రాయలేదు. రాయనక్కర్లేదనీ తెలుసు.

రాసి కలం పెట్టేసరికి అతను బుక్కు కోసం నా గదికి వచ్చాడు. నిలబడే చదివాడు.

“సార్, అప్పుడు మీరు లోపల లేరు గదా” అన్నాడు.

“తలుపు దగ్గర్నుంచి చూశాను.”

“చూసుంటే మంచిగనే ఉండు సార్. పెదవులు నల్లగైనయి. ఊపిరి వినరాలే.” బుక్కులోంచి తల ఎత్తాడు. “మీరే చెప్పిన్రు గదా, డౌటొస్తే ముందుగల మాస్క్ తియ్, తిట్లు తర్వాత తినొచ్చు అని. తిట్లయితే తిన్న సార్, కడుపు నిండింది. గిది సుత తినాల్నా?”

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

“పరిస్థితులు కుదుటపడనీ అజీజ్. తర్వాత చూద్దాం.”

“ఎవల పరిస్థితి సార్?”

నేను కలం మూత బిగించాను. అతను బుక్కు మూయబోయి ఆగి, సిరా ఇంకా ఆరలేదన్నాడు. అక్షరాలు అలుక్కుపోకుండా ఆ పేజీ మీద మెల్లగా ఊది, ఆరాక మూసుకుని వెళ్లాడు. తనను ముంచే రాతను అంత శుభ్రంగా దాచుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆసుపత్రి కమిటీ నా మాటే తీసుకుని అతన్ని పంపించేసింది. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. జనగామలో మందుల దుకాణం పెట్టుకున్నాడని తర్వాత విన్నాను. గంటన్నర రైలు ప్రయాణం. ముప్పై ఏళ్లలో ఆ రైలు ఎక్కలేదు. పోయిన ఏడాది అతను పోయాడని తెలిసింది. అతను ఉన్నన్నాళ్లూ ఈ కాగితం రాయలేకపోయాను. అదీ రాసుకోండి నా లెక్కలో.

నర్సయ్య మాత్రం కుట్లు మానాక వచ్చాడు. నన్ను మంచిగ నిద్రపుచ్చి మంచిగ లేపిన్రు సార్ అని దండం పెట్టాడు. నేను తల ఊపాను. ఆ దండం కూడా నాది కాదు.

తర్వాత ఎంతోమందిని పరీక్షించాను. కేసు మొదలైతే ముగిసేదాకా గది దాటేవాణ్ని కాదు, కూర్చునేవాణ్ని కూడా కాదు. ఎంత నిష్ఠ అని మెచ్చుకునేవారు. పదవీ విరమణ సభలో అదే చెప్పి దండ వేశారు. వేయించుకున్నాను.

ఆ బుక్కు ఎక్కడుందో తెలియదు. అందులో ఉండాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

నలభయ్యో కేసు. నేను గదిలో లేను. రోగి ఊపిరి ఆగినప్పుడు అజీజ్ మాస్కు తీసి, దవడ ఎత్తి, సర్జన్ కోపాన్ని లెక్కచేయక ప్రాణం నిలిపాడు. ఒంటరిగా పనిచేయడానికి తగినవాడు.

కింద సంతకం పెట్టాను. సిరా ఆరేదాకా మూయకుండా కూర్చున్నాను.