ఎండకు అనుకూలమా అని అడిగిన రోజు

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు ఒక వేసవిలో, నల్లగొండ పక్కన మా బాపు బత్తాయి తోటలో బోరు ఎండిపోయే దశకొచ్చింది. మా అవ్వ కంట్లో వేసుకునే మందు సీసా అంతకంటే ధారాళం. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. రెక్కలు కాలతాయని మా ఊరి కాకులు మధ్యాహ్నం పూట నడిచి పోయేవి.

అప్పుడే రైతుల మీటింగులు పెట్టే రైతువేదిక హాలుకు ఒక అధికారి వచ్చాడు. దేశమంతటికీ రాసిన పథకాన్ని ఎవరో ఇంగ్లీషులోంచి తెలుగులోకి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఆయన చదివిన మొదటి వాక్యం ముగిసేలోపు ముందు వరుసలో ఒకాయన నిద్రపోయి, కల కూడా కన్నాడు. ఒప్పుకున్న రైతు పొలంలో వాన నీళ్ళు నిలిచే కుంట తవ్వి ఇస్తారన్న ముక్క ఆరో పేజీలో ఉందని నాకు తర్వాత తెలిసింది. అధికారి రెండో పేజీలోనే ఆగి, "వాతావరణ మార్పుకు అనుకూలనకు సమ్మతించే రైతులు చేతులెత్తండి" అన్నాడు. మారిన ఎండావానలకు తగ్గట్టు సేద్యం సర్దుకోవడానికి వాళ్ళు పెట్టిన పేరది.

బాపు నా వైపు వంగాడు. "ఏమడుగుతుండురా?"

"గీ ఎండలకు మనం అనుకూలమా, కాదా అని."

"గిదేం అడుగుడు? ఎండలు కావాలని మనం దరఖాస్తు పెట్టినమా?"

"చెయ్యెత్తితే ఇంకో రెండు నెలలు పొడిగిస్తరంట బాపు."

నవ్వించాలనే అన్నాను. బాపు నవ్వలేదు. రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు. నా మాట వెనక వరుసలకు పాకింది. ఒక పెద్దమనిషి లేచి, "మా ఊరు వ్యతిరేకమని రాస్కోండ్రి సార్" అన్నాడు. అంత పెద్ద హాల్లో లేచింది ఒక్క చెయ్యి. ముందు వరుసలో నిద్రపోయినాయన మేలుకొని ఒళ్ళు విరుచుకున్నాడు. ఆయన పేరు రాసుకున్నారు.

నెల తిరక్కముందే ఆయన చెలక పొలంలో మిషను దిగి కుంట తవ్వింది. నేను వ్యవసాయ ఆఫీసుకు పరుగెత్తాను.

"మీ ఊరోళ్ళే వద్దన్నరు గద" అన్నాడు అక్కడి గుమాస్తా. "ఆన్‌లైన్ల ఎక్కింది."

"ఆ మాట అర్థం గాక వద్దన్నరు సార్."

"అర్థం గాకుంటే అడగాలె. చదువుకున్నోళ్ళు ఒక్కరు లేరా ఆడ?"

ఆ ఒక్కణ్ణీ నేనే. దండం పెట్టి బయటికొచ్చాను. అయినా తిరిగాను. ఆ ఆఫీసు వరండాలో నేను నడిచిన దూరం పరిస్తే కన్యాకుమారి దాటి సముద్రంలో పడేది. మళ్ళీ మీటింగు పెట్టినప్పుడు చెయ్యెత్తమన్నారు. మీటింగు పెట్టలేదు.

ఒక పొద్దున బాపు గొడ్డలి పట్టుకుని తోట కింది సగానికి పోయాడు. పిందెలతో ఉన్న చెట్టు మీద మొదటి దెబ్బ వేశాడు.

"సగం కొట్టేస్తె మిగిలిన సగానికన్న నీళ్ళందుతయి" అన్నాడు.

"ఆగు బాపు. ఇంకొక్కసారి ఆఫీసుకు పోయొస్త."

"పోయిరా. వచ్చేటప్పుడు రంపం పట్టుకరా. ఇన్ని చెట్లు నా ఒక్కనితోని గావు."