కాటన్ బనియను

చలికాలం వేటకి ఏ బట్టలు వేసుకోవాలో నన్ను అడగండి, చెప్తాను. అరిజోనాలో, ఈ చాండ్లర్‌లో మా తెలుగువాళ్లలో ఎవరు కొండలకి బయల్దేరినా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని చొక్కా వేసుకోవాలి. అది చెమటని ఒంటిమీద నిలవనివ్వదు, తడిసినా వెచ్చగానే ఉంటుంది. దాని మీద వేడిని పట్టి ఉంచడానికి కాస్త మందమైనది ఇంకోటి. అన్నిటికన్నా పైన గాలినీ మంచునీ ఆపే కోటు. కొండ ఎక్కుతున్నంతసేపూ కొంచెం చలి వేస్తూనే ఉండాలి, పైకెళ్లి కూర్చున్నాక అన్నీ తొడుక్కోవాలి. ఇంతే, దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఈ సంగతులన్నీ మొన్నటిదాకా ఎంత పెద్దమనిషిలా చెప్పేవాణ్నో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అడిగినవాళ్లందరికీ చెప్పాను, ఒక్కడికి తప్ప.

ఆ ఒక్కడు నన్ను అన్నా అని పిలుస్తాడు. కాబట్టి నాకు తమ్ముడు. వాళ్లది కరీంనగర్ వైపు, మాది తెనాలి దగ్గర. ఇద్దరం కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ప్లాంట్‌లో ఒకే షిఫ్టు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. తుపాకీ పట్టడం నేనే నేర్పాను. ఎడారిలో పిట్టల వేటకి మొదటిసారి తీసుకెళ్లిందీ నేనే. ఎల్క్ గురించి చెప్పి ఆశపెట్టిందీ నేనే. ఎల్క్ అంటే దుప్పి జాతే గానీ ఎద్దంత ఉంటుంది. దాన్ని కొట్టాలంటే ట్యాగ్ కావాలి. ట్యాగ్ అంటే ఒక మనిషికి ఒక జంతువు అని సర్కారు ఇచ్చే అనుమతి చీటీ. అందరూ అప్లై చేస్తారు, లాటరీలో కొందరికే తగులుతుంది. నేను ఏడేళ్లు వరసగా అప్లై చేశాను. ఏడేళ్లూ రాలేదు.

ఎనిమిదో ఏడు అతనికి కూడా ఫారం నింపిపెట్టాను, మా ఇంట్లో, నా కంప్యూటర్‌లో. ఎలాగూ రాదులే, మొదటి ఏడు ఎవరికొస్తుంది అని నవ్వుతూ నింపాను. నాకు రాలేదు. అతనికి వచ్చింది. అది కూడా కొమ్ములున్న మగదానికి.

నక్క తోక తొక్కావురా అని భుజం తట్టాను. కడుపు మాత్రం భగ్గున మండింది. ఇందులో దాపరికం ఎందుకు, మండింది. ట్యాగ్ నాదైనా వేట మనిద్దరిదే అని అతనన్నాడు, మనసులో ఏమీ లేకుండా. అది విని ఇంకా మండింది. అంత మంచితనం ఎదురుగా నిలబడి పలకరిస్తుంటే ఈర్ష్యకి చోటెక్కడ దొరుకుతుంది? లోపలే కూర్చుని పులిసింది.

నవంబర్ చివర్లో బట్టలు కొనడానికి ఇద్దరం వేట సామాన్ల షాపుకి వెళ్లాం. బూట్లు చూపించాను. కోటు చూపించాను. గ్లవ్స్ రెండు జతలు కొనిపించాను. లోపలి బట్టల వరస దగ్గరికొచ్చాక అతను ఒక ఉన్ని చొక్కా చేతిలోకి తీసుకుని, మెడకి రాసుకుని, మొహం చిట్లించాడు.

"గుచ్చుతుందన్నా. ఇంటికాడ కాటన్ బనియన్లు మస్తున్నయ్ గదా. అవి సరిపోవా?"

చిన్నప్పుడు మనందరికీ ఇంట్లో ఒకటే చెప్పారు: కాటన్ మంచిది, చెమట పీల్చుకుంటుంది. మన ఎండల్లో అది నిజమే. కొండ మీద ఆ పీల్చుకోవడమే మనిషి ప్రాణం మీదకి తెస్తుంది. చెమటంతా బట్టలో నిలిచిపోయి, గాలి తగలగానే ఒంటికి మంచుపట్టీ వేసినట్టవుతుంది. ఇది నాకు తెలుసు. గుచ్చుకోని రకం ఉన్ని కూడా రెండు హ్యాంగర్ల అవతలే వేలాడుతోందనీ తెలుసు. పట్టులా మెత్తటిది. చెయ్యి చాపితే అందుతుంది.

"చాలు," అన్నాను.

అతను చచ్చిపోవాలని అనుకోలేదు. దేవుడి మీద ఒట్టు. కాస్త వణకాలనుకున్నాను. మొదటి ఏడే ట్యాగ్ తగిలినవాడికి కొండంటే ఏంటో కొంచెం తెలిసిరావాలనుకున్నాను. మధ్యాహ్నానికల్లా, ఇక పోదాం అన్నా, నావల్ల కాదు అని అతని నోటితో అనిపించుకోవాలనుకున్నాను. ఇంత చిన్న బుద్ధి. అది కూడా నలభై ఎనిమిదేళ్లు మీదపడ్డాక.

డిసెంబర్ మొదటి వారంలో వెళ్లాం. నాలుగు గంటలు డ్రైవ్ చేసి, కొండ కింద మోటెల్‌లో పడుకుని, తెల్లవారగానే ట్రక్ తీసుకెళ్లి అడవి అంచున ఆపాం. అతను ట్రక్‌లోనే అన్నీ తొడుక్కున్నాడు. బనియను, దాని మీద ఇంకో బనియను, స్వెట్టర్, కోటు, ఇండియా నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్. వాళ్లమ్మ చూస్తే సంబరపడేదని నవ్వాడు. నేను ఒంటిమీద ఉన్ని చొక్కా ఒక్కటే ఉంచుకుని, మిగతావి సంచిలో కుక్కాను. నీకు చలి పెడ్తలేదా అని అడిగాడు. అలవాటే అన్నాను. తీసెయ్, ఎక్కేటప్పుడు చెమట పడుతుంది అని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

గంటన్నర ఎక్కాం. పైకి చేరేసరికి మంకీ క్యాప్ కింద నుంచి చెమట ధారగా కారుతోంది. ఒక బండరాయి చాటున కూర్చుని ఎదుటి వాలు చూస్తున్నాం. గాలి మొదలైంది. నేను సంచిలోవి తీసి ఒక్కొక్కటే తొడుక్కున్నాను. అతను అరగంటకల్లా వణకడం మొదలుపెట్టాడు. పళ్లు టకటకలాడుతుంటే నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు. నాకు లోపల ఎక్కడో తృప్తిగా అనిపించింది. ఇది రాయకుండా ఉందామని చాలాసార్లు అనుకున్నాను. రాయకపోతే మిగతాదంతా అబద్ధం.

అప్పుడు వచ్చింది. చెట్ల మధ్య నుంచి మెల్లగా, కొమ్ములు వెనక్కి వాల్చి, ఏ తొందరా లేకుండా. ఏడేళ్లు కలగన్న జంతువు. నేను బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకుని లోకం మర్చిపోయాను. కొమ్ముల కొసలు లెక్కపెట్టాను. ముక్కులోంచి వచ్చే ఆవిరి చూశాను. షూట్ చెయ్ అని గుసగుసగా అన్నాను. చప్పుడు లేదు. మళ్లీ అన్నాను. ఎంతసేపు అలా దాన్నే చూస్తూ ఉన్నానో, ఐదు నిమిషాలో, పావుగంటో, ఇప్పటికీ నాకు తెలీదు.

పక్కకి తిరిగి చూస్తే తుపాకీ ఒళ్లో అడ్డంగా ఉంది. కుడిచేతి గ్లవ్ ఎక్కడో జారిపోయింది, ఉత్త చెయ్యి తుపాకీ ఇనుము మీద ఉంది. వణుకు ఆగిపోయింది. వణుకు ఆగడమంటే చలితో పోరాడలేక ఒళ్లు ఓడిపోతోందని నాకు తెలుసు.

"నిద్రొస్తుందన్నా," అన్నాడు ముద్దముద్దగా.

అతని కోటు, స్వెట్టర్ విప్పాను. బనియన్లు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి, పిండితే నీళ్లు కారేలా. కత్తితో కోసి లాగేశాను. నా ఒంటిమీది ఉన్ని చొక్కా విప్పి అతనికి తొడిగాను. దాని మీద నా మందంది, అతని కోటు. నేను ఉత్త ఒంటిమీద నా కోటు వేసుకుని, అతని చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుని కిందకి ఈడ్చుకొచ్చాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ట్రక్‌లో హీటర్ పెట్టి, దగ్గర్లో ఉన్న ఊరి ఆస్పత్రికి తీసుకెళ్లాను. బతికాడు. రెండు నెలలు చూసి, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా తీసేశారు.

అక్కడితో ఆగిపోతే అదొక రకం శిక్ష. అసలు శిక్ష తర్వాత మొదలైంది.

ఉగాదికి మా కమ్యూనిటీ హాల్లో భోజనాల దగ్గర అతను నలుగురి మధ్య నిలబడి చెప్తున్నాడు: ఆ చలిలో అన్న తన ఒంటిమీది చొక్కా తీసి నాకు తొడిగిండు, అన్న లేకుంటే నేను లేను. అంతవరకు నిజమే, తలొంచుకుని విన్నాను. తర్వాత అన్నాడు, ఉన్నిది కొనుమని అన్న ముందే చెప్పిండు, గుచ్చుతదని నేనే ఇనలే అని. ఎత్తిపొడుస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. ఎత్తిపొడుపు కాదు. అతనికి నిజంగా అలాగే గుర్తుంది. ఆ రోజు చలికి తల మొద్దుబారి, దానికి ముందు సంగతులు కూడా కలగాపులగం అయినట్టున్నాయి. ఖాళీగా ఉన్నచోట నన్ను మంచివాణ్ని చేసి నింపుకున్నాడు. అందరూ నావైపు చూశారు. మా ఆవిడ కళ్లలో గర్వం. కాదు, అలా జరగలేదు అనడానికి ఒక్క క్షణం చాలు. నేను పెరుగు ఎక్కడుందని అడిగాను.

అప్పటి నుంచి ఆ కథ నాకు మర్యాదలు తెచ్చిపెట్టింది, అతనికి తిట్లు తెచ్చిపెట్టింది. షూ లేసు కట్టుకోలేక తంటాలు పడుతుంటే అతని భార్య కట్టేది, కడుతూ అనేది, అన్న చెప్తే వింటే గిట్ల అయితుండెనా అని. అన్నం ముద్ద జారినా అదే మాట. నా ముందే అనేది. అతను అవునన్నట్టు తలూపేవాడు. ఆవిడ నాకు సకినాలు చేసి డబ్బా నింపి పంపేది. తిన్నాను. తేలు కుట్టిన దొంగలా ఒక్కొక్కటే కూర్చుని తిన్నాను.

ప్లాంట్‌లో లోపలికి వెళ్లేముందు, చిప్పుల మీద దుమ్ము రాలకుండా, తల నుంచి పాదాల దాకా తెల్ల సూట్ వేసుకోవాలి. మెడ దగ్గర గుండీలు గట్టిగా ఉంటాయి, రెండు వేళ్లు లేని చేత్తో పడవు. ఏడాదంతా అవి నేనే పెట్టాను. షిఫ్టు మొదట్లో అతను నా ముందుకొచ్చి గడ్డం పైకెత్తి నిలబడేవాడు, నేను పెట్టేవాణ్ని. దానితో ఎంతోకొంత తీరుతోందని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

ఈ ఏడు ట్యాగ్ నాకొచ్చింది. నాకంటే అతనే ఎక్కువ సంబరపడ్డాడు. ఈసారి నేను తోడొస్తా అన్నాడు. వాళ్లావిడ ససేమిరా అంది, చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. అతని చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది.

"మీరే దగ్గరుండి బట్టలు కొనిపియ్యుండ్రి అన్నా. ఈయన సొంత తెలివి చూపిస్తే మిగిలిన వేళ్లు గూడ పోతయ్."

ముగ్గురం అదే షాపుకి వెళ్లాం. ముందు పై కోటు తొడిగి చూశాం. మందపాటి ఉన్ని కోటు, ముందు ఐదు పెద్ద గుండీలు. ఐదూ నేనే పెట్టాను. అది వేసుకునే అతను లోపలి బట్టల వరస దగ్గరికి నడిచాడు. ఒక చొక్కా తీసి మెడకి రాసుకున్నాడు. మళ్లీ రాసుకున్నాడు. మొహం వెలిగింది.

"అన్నా, ఇది గుచ్చుతలేదు. అప్పుడు ఈ రకం లేకుండె కావచ్చు."

ఇంకో రోజైతే అవును అనేవాణ్నే. ఆ రోజు ఎందుకో నోరు అటు తిరగలేదు.

"ఉంది," అన్నాను. "అప్పుడూ ఇక్కడే ఉంది."

అతనికి అర్థం కాలేదు. మరి నువ్వు ఉన్నిది కొనుమన్నవు గదా అన్నాడు. అనలేదని చెప్పాను. బనియన్లు సరిపోవా అని నువ్వు అడిగావు, చాలు అన్నాను, చాలవని నాకు తెలుసు అని చెప్పాను. అక్కడితో ఆపలేదు. ట్రక్‌లో నువ్వు అన్నీ తొడుక్కుంటుంటే కూడా తెలుసు అని చెప్పాను.

"ఎందుకన్నా?" అంది ఆవిడ, చాలా చిన్నగా.

ఏడేళ్లు నాకు రాని ట్యాగ్ ఇతనికి మొదటి ఏడే వచ్చిందని చెప్పాను. కాస్త వణికితే చాలనుకున్నానని చెప్పాను. బయటికి వచ్చాక ఆ మాట ఎంత నీచంగా వినపడిందో, అంతకు ముందు నా లోపల ఎప్పుడూ అంత నీచంగా వినపడలేదు.

అతను కుడిచెయ్యి పైకెత్తి, లేని వేళ్లవైపు చూసుకున్నాడు.

"కాస్త అంటే ఎంతన్నా?"

ఏం చెయ్యాలో తెలీక, అలవాటు కొద్దీ, కోటు విప్పడానికి అతని పై గుండీ వైపు చెయ్యి చాపాను. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. వాళ్లావిడ ముందుకొస్తే ఆమెనీ ఆగమన్నాడు. తనే మొదలుపెట్టాడు. బొటనవేలుతో నొక్కి, ఉంగరం వేలితో తోసి. మొదటిది రెండుసార్లు జారింది. ఎవరో కస్టమర్ మమ్మల్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్లాడు. రెండోది. మూడోది ఊడటానికి చాలాసేపు పట్టింది, నుదుటి మీద చెమట పట్టింది. ఐదూ ఊడేదాకా నేను అక్కడే నిలబడి చూశాను. కోటు హ్యాంగర్‌కి తగిలించాడు, చొక్కా తీసిన చోటే పెట్టాడు, భార్యని తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు షిఫ్టుకి వెళ్తే అతను నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. మెడ దగ్గర గుండీలు అన్నీ పెట్టుకుని ఉన్నాడు.