రాని రెండో గీత

విజయవాడలో ఒక డీ-అడిక్షన్ సెంటర్లో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ ఒక పరిశోధన జరిగేది. నొప్పి బిళ్ళలకు అలవాటు పడ్డవాళ్లను "ఈ వారం వాడారా?" అని అడగడం, తర్వాత మూత్రపరీక్ష చేసి నోటిమాటకీ దానికీ ఎంత పొంతన ఉందో చూడడం నా పని. పరీక్ష పట్టీ మీద రెండు గీతలు వస్తే ఒంట్లో ఆ బిళ్ళల మందు లేనట్టు, ఒక్కటే వస్తే ఉన్నట్టు. వాడి కూడా వాడలేదనేవాళ్లే ఎక్కువ. పిల్లల మీద ఒట్టు పెట్టి మరీ చెప్పేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే లారీ డ్రైవరుది మాత్రం అంతా తిరకాసు. "వాడానండీ" అనేవాడు. చూస్తే రెండు గీతలూ వచ్చేవి. మా దగ్గర ఇంటివాళ్లనూ అడగడం పద్ధతి. పక్కనే కూర్చున్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మానలేదండీ, మింగుతానే ఉన్నాడు" అనేది. లేని జబ్బు ఉందని మొగుడూ పెళ్లామూ కూడబలుక్కుని చెప్పడమేంటి, విడ్డూరం కాకపోతే!

అలవాటు మాన్పించడానికి మా సెంటర్ వారానికి సరిపడా వేరే బిళ్ళలు, ఆ పట్టీకి అందనివి, ఇంటికిచ్చేది. డాక్టరుగారు తేల్చేశారు: "అలవాటు లేని మనిషికి ఇవి ఇస్తే ప్రమాదమండీ. వచ్చే వారం కూడా ఇలాగే వస్తే ఆపేద్దాం." ఆ మాట వాళ్లకు చెప్పింది నేనే. ఆయన కంటే ఆమె మొహమే ఎక్కువ పాలిపోయింది.

మరుసటి వారం కూడా "వాడానండీ" అంటూ ఆయన తెచ్చిచ్చిన సీసాలో పట్టీ ముంచాను. ఒక్క గీతే వచ్చింది. రెండోదాని కోసం చూస్తూ కూర్చున్నాను, రాలేదు. "హమ్మయ్య, ఇన్నాళ్లకు కుదిరింది" అనుకుంటూ కంప్యూటర్లో ఎక్కించేసి, బిళ్ళలు ఇప్పించి, చేతులు కడుక్కుందామని ఆడవాళ్ల బాత్రూముకి వెళ్లాను. అక్కడ ఆమె గోడ పట్టుకుని వాంతి చేసుకుంటోంది.

"ఏమైందమ్మా?" అంటూ వీపు నిమిరాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"ఆ సీసాలోది నాది మేడమ్. అలవాటూ నాదే. మగాడికుంటే అయ్యో పాపం అంటారు. నాకుందని తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తారు. మీ బిళ్ళలతో మానేశాను మేడమ్, నిజంగా మానేశాను. ఇవి ఆపేస్తే మళ్ళీ మొదలెడతానని భయమేసింది. అందుకే నిన్న పాతవి తెప్పించుకుని మింగాను, పరీక్షలో పడాలని."

"ఆయన?"

"తనే మింగుతానన్నాడు. లారీ తోలే మనిషి, నేనే వద్దన్నాను."

"పిచ్చిదానా, ముందే నాతో ఒక్క మాట చెప్పకూడదా!" అని అరిచాను. ఏడుపొచ్చేసింది నాకు. డాక్టరుగారితో మాట్లాడి వచ్చే వారం నీకే వైద్యం చేయిస్తాను, మూడో కంటికి తెలియనివ్వను అన్నాను. కొంగుతో మూతి తుడుచుకుంటూ తలూపింది.

వాళ్లు మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అప్పుడు మింగినవాటితో ఆగిందో లేదో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ హనుమాన్ జంక్షన్లో బస్సు ఆగితే కిటికీలోంచి ఆడవాళ్ల మొహాలన్నీ వెతుకుతాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మనిషి కనిపిస్తే సీట్లోంచి లేచి చూస్తాను.

మా పరిశోధనలో ఆమె ఎక్కడా లేదు. ఆయన ఉన్నాడు. ఆ ఒక్క రోజు మాత్రం ఆయన నిజం చెప్పినట్టు అందులో రాసి ఉంది.