తీతువు అరిచిన దిక్కు

తాండూరులో వారమంతా నాపరాళ్ల పాలిష్ దుమ్ము మింగేవాడికి ఆదివారం పిట్టల పిచ్చి ఏమిటని నా భార్య నవ్వుతుంది. నాకు మాత్రం ఆ పిచ్చి మీద గర్వమే. ఆ చలికాలమంతా నేను తీతువు వెంటపడ్డాను. కోట్‌పల్లి నీళ్ల దగ్గర అది ఎప్పుడూ నాకు వీపే చూపించేది. రెక్కలు చాచి ఎదురుగా వస్తున్న ఫోటో ఒక్కటి కావాలి. అందుకని మెమరీ కార్డు వేసిన చిన్న స్పీకర్‌లో దాని కూత నింపుకుని వెళ్లాను.

కట్ట మీది నుంచి తూము దాకా నీళ్లలోకి ఒక సన్నటి గోడ ఉంది. దాని చివర స్పీకర్ ఆన్ చేసి పెట్టి, బాగా ఇవతలికి వచ్చి, తుమ్మచెట్టు కింద కెమెరాతో కూర్చున్నాను. తెల్లవారింది కానీ వెలుగు రాలేదు. పొగమంచులో నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో కనబడదు. టిట్టీటీ, టిట్టీటీ. ఆగి, మళ్లీ అదే. ఒక్క పిట్టా బదులు పలకలేదు. అది నేను పెట్టిన కూతేనని తెలిసినా వెన్నులో చలి పుట్టింది.

తట్ట చంకలో పెట్టుకుని ఒక ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె భర్త వలలు ఎత్తడానికి థర్మాకోల్ తెప్ప మీద చీకట్లోనే పోయాడట. కూత వినగానే తుపుక్కున ఉమ్మింది.

"నీ నోట్ల మన్నువడ. పొద్దుగాల్నే ఏం అరుపే."

నాకు లోపల నవ్వొచ్చింది. చదువుకున్నవాడినన్న పొగరు. అది నా స్పీకరని చెప్పలేదు.

కాసేపటికి మంచులో తెడ్డు చప్పుడు వినిపించింది. ఆమె ముందు సంతోషపడి, అంతలోనే చెవి ఒగ్గింది.

"గటెందుకు వోతుండు? గది తూము దిక్కు. నిన్ననే తూము ఎత్తిండ్రు, నీళ్లు గుంజుతయి."

"దారి తప్పాడేమో" అన్నాను.

"తప్పడు సారూ. ఇంటి మీద అరిస్తే శని గని, నీళ్ల మీదున్నోళ్లకు తీతువే దారి. అది మెట్ట మీదనే ఉంటది గద. మంచుల అది అరిచిన దిక్కే ఒడ్డు అని వస్తరు."

"అది పిట్ట కాదమ్మా, నా డబ్బా" అన్నాను. ఆమె తట్ట పడేసి నీళ్ల అంచుకు ఉరికింది.

గోడ మీద పరుగెత్తాను. కింద నీళ్లు గుడగుడమంటూ తూములోకి దిగుతున్నాయి. తెడ్డు చప్పుడు నా కాళ్ల కిందే ఉన్నట్టుంది, మనిషి కనబడడు. స్పీకర్ ఆపేశాను. తెడ్డు కూడా ఆగిపోయింది. నా జన్మలో అంతటి నిశ్శబ్దం వినలేదు. "ఇటు రాకు" అని అరిచాను. నా గొంతు ఎటు పోయిందో నాకే తెలియలేదు.

"బంద్ వెట్టకు" ఒడ్డు నుంచి ఆమె కేక. "గిటు దే."

తెచ్చి, మళ్లీ ఆన్ చేసి ఇచ్చాను. ఇందాక విని ఉమ్మిన కూతనే ఇప్పుడు రెండు చేతులతో నెత్తి మీదికెత్తి పట్టుకుని నిలబడింది. టిట్టీటీ, టిట్టీటీ. ఎంతసేపో చెప్పలేను. నేను కెమెరా సంగతే మరిచి, ఏ దేవుడికి మొక్కుతున్నానో తెలియకుండా మొక్కుతున్నాను.

చివరికి తెప్ప మంచును చీల్చుకుని ఆమె ముందే ఒడ్డుకు తగిలింది. అతను దిగి తడి నేల మీద కూలబడ్డాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. భార్య చేతిలో అరుస్తున్న డబ్బాను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. నేను చేతులు జోడించాను.

అతనికి కోపం రాలేదు. నీళ్ల వైపు చూస్తూ అడిగాడు.

"రేపు మంచుల తీతువు అరుస్తది సారూ. నేను గా దిక్కు రావాల్నా, వద్దా?"