యోయోకి వేసిన బస్తా ముడి

చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి, బస్సులో కలిసిన ఒకతని సంగతి చెబుతాను. మా వీధిలో ఎస్టీడీ బూత్ పెట్టిన ఏడు, చిలకలూరిపేటలో గుంటూరు బస్సెక్కాను. పక్క సీట్లో ముప్పై ఏళ్ళతను. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు యంత్రంలో నలిగిన అతని కుడిచేతి వేళ్ళు పుల్లల్లా బిగుసుకుపోయాయి. ఆ చేత్తోనే యోయో కిందికి వదులుతున్నాడు. అది దారం చివర గిరగిరా తిరిగి, పైకి రాకుండా అక్కడే వేలాడుతోంది.

“చిన్నప్పుడు మా బళ్ళో నన్ను మించినోడు లేడక్కా. వేళ్ళు వంగుతాయేమోనని పదిహేనేళ్ళకి మళ్ళీ పట్టా. ఇయ్యాల డాక్టరు ముందు పిడికిలి మూస్తేనే మిల్లులో పని. లేకపోతే రావద్దన్నారు.”

యడ్లపాడు దాటగానే దారం తెగింది. సీటు కిందికి దొర్లిన యోయోని వంగి ఎడమచేత్తో తీశాడు.

నా సంచిలో మిరప బస్తాలు కుట్టే దారముంది. “ఇటివ్వు తమ్ముడూ” అని తీసుకుని, అలవాటుకొద్దీ యోయో రెండు బిళ్ళల మధ్య ఇరుసుకి బస్తా ముడి బిగించేశాను.

“అయ్యో, ముడెయ్యకూడదక్కా! వదులుగా ఉచ్చెయ్యాలి. ఇట్టా అయితే కింద నిలబడి తిరగదు.”

“నిలబడకపోతే పీడాపోయింది. వదులు.”

విసుగ్గా వదిలాడు. ముడి పట్టేయడంతో యోయో కింద ఆగలేదు, ఒక్కసారిగా ఎగిరి వచ్చి అరచేతిలో పడింది. దానిమీద వేళ్ళు ఒక్కొక్కటే వంగి మూసుకున్నాయి. నొప్పికి పళ్ళు బిగబట్టాడు.

గుంటూరు ఆసుపత్రి దగ్గర దిగేదాకా ఆ పిడికిలి విప్పలేదు, మళ్ళీ మూసుకోదేమోనని.

మీ ఇంట ప్రతి చేతికీ పని దొరకాలి, ప్రతి కంచంలో అన్నం ఉండాలి.