సదాశివ దాచిన తెల్ల కట్టె

వడ్రంగం పని చేసే వడ్ల సదాశివ నిలబెట్టిన దర్వాజలు జహీరాబాద్ చుట్టుముట్టు ఏ ఊరికి పోయినా కనవడుతయి. రాయికోడ్‌ల ఉన్నయి, ఝరాసంగంల ఉన్నయి. చిరాగ్‌పల్లి కాడ రోడ్డు మీదికే అగుపడే మిద్దె ఇంటి దర్వాజ కూడ ఆయన చెక్కిందే. మరి ఆయన ఇంటికేమున్నది? రేకు తలుపు. ఇనుప చట్రం, కింద సిమెంటు కడప. తెరిస్తే కిర్రుమంటది, ఏస్తే నేలకు గీసుకుంటది. దీపం కింద చీకటని పెద్దలు ఊకనే అన్నరా!

పెండ్లై వచ్చిన కాడికెల్లి ఆయన పెండ్లాం మణెమ్మ అడిగింది ఒక్కటే. బంగారం అడగలే, పట్టుచీర అడగలే. కట్టె కడప పెట్టు, శుక్రారం నాడు పసుపు పెట్టుకుంట అన్నది. సిమెంటుకు పెట్టిన పసుపు నిలుస్తలేదు, మాపటికి పెచ్చులు లేసి రాలిపోతున్నదని ఆమె బాధ. చేస్త, చేస్త అన్నడు సదాశివ. ముప్పై ఏండ్లు అదే మాటన్నడు. ఉత్తమాటలు చెప్పిండా అంటే అదీ కాదు. ఆ కడప కోసం, ఆ తలుపు కోసం ముప్పై ఏండ్ల సంది కట్టె కూడబెడుతనే ఉన్నడు.

ఈ దిక్కు ఒక రివాజున్నది. దర్వాజ నిలబెట్టిన నాడు ఇంటోల్లు మేస్త్రికి కొత్త బట్టలు పెట్టి, మిగిలిన ముక్కలు నువ్వే తీస్కపొమ్మంటరు. వేరే మేస్త్రులైతే ఆ మాట నోట్లకెల్లి రాకముందే మంచి మంచి ముక్కలు ఏరి బండికి కట్టుకుంటరు. సదాశివ గట్ల కాదు. టేకు మొద్దుకు నడుమ చేవ ఉంటది, చేవ చుట్టు తెల్ల కట్టె ఉంటది. చేవ ముక్కలన్ని ఏరి, పీటకో దేవుని అరకో పనికొస్తయి ఉంచుకోండ్రని ఇంటోల్ల ముందర పెట్టేటోడు. తెల్లయి తను మూటగట్టుకునేటోడు. చేవ ఇంటోనిది, తెల్లది వడ్లోనిది అని వాళ్ళ నాయిన చెప్పిపోయిండట. ఇంతజేస్తే ఆ ఇంటోల్లేం జేసేటోల్లు? ఆ చేవ ముక్కల్ని నీళ్ళ పొయ్యిల పెట్టేటోల్లు. సదాశివ కండ్లార చూసిండు, అయినా మారలే. మనిషికి గంత మంచితనం పనికిరాదని నేనంట. ఎవలింటరు నా మాట?

ఇంటెనుక రేకుల కొట్టమే ఆయన పనిజాగ. అండ్ల సర్దిన తీరు చూడవోతే రెండు కండ్లు చాలకపోయేటియి. ముందటి వరుసల ప్లైవుడ్ షీట్ల ముక్కలు, సన్నయి ఒక దిక్కు, మందమైనయి ఒక దిక్కు, అన్నీ నిలువుగ. మైకా ముక్కలు రంగుకొక తీరు. ఎవలన్న వచ్చి అర షీటు కావాలంటే కూసున్న కాడికెల్లే ఎన్నోది గుంజాల్నో చెప్పేటోడు. ఈ షీట్లెనుక, మట్టిగోడకు ఆనిచ్చి, టేకు ముక్కలుండె. ఏ ఇంటి కట్టెనో ఒక్కొక్కదాని మీద ఎర్ర పెన్సిలుతోని రాసిపెట్టిండు. ఎవలి కన్ను పడొద్దని, ఎవలు అడగొద్దని అట్ల ఎనుక దాచిండు. దసర నాడు ముందటి షీట్లకు పసుపు కుంకుమ పెట్టి మొక్కేటోడు గని ఎనుకకు చెయ్యి పెట్టేటోడు కాదు. కదిలిస్తే వరుస చెడుతదని ఆయన భయం.

పోయినేడు కుడిచేతికి పక్షవాతం తాకింది. దవాఖానల సూదులేసిన్రు, ఇంట్ల నూనె రాసిన్రు. చెయ్యి సగం దాంక లేస్తది గని పట్టు లేదు, కట్టె నున్నగ చేసే రందా పడితే వణుకుతది. పనికి పిలిచేటోల్లు కూడ లేకుంటయిన్రు, అందరు దుకాన్ల తయారు తలుపులు కొని బిగించుకుంటున్రాయె. ఎండకాలం ఎక్కుతున్న దినాల ఒక పొద్దుగాల చాయ్ తాగి, గిలాస కింద పెట్టి, మణెమ్మ దిక్కు చూసిండు.

"ఈ చెయ్యి మొత్తానికే పోకముందు మన తలుపు చేస్త. అటు కొస నువ్వు పట్టుకో."

మణెమ్మ కొంగు నడుముకు చెక్కి కొట్టంలకు నడిచింది.

మొదటి షీటు బాగనే వచ్చింది. రెండోది లేపితే పై సగం చేతులకు వచ్చింది, కింది సగం నేల మీదనే నిలబడ్డది. సదాశివ గబగబ మిగిలినయి గుంజి పక్కకు పడేసిండు, వరుస లేదు ఏం లేదు. ఎనుక టేకు ముక్కలు మాత్రం ఎట్ల పెట్టినయి అట్లనే ఉన్నయి. ఎర్ర పెన్సిలు రాత కూడ చెరగలే. హమ్మయ్య అనుకొని రాయికోడ్ ముక్క మీద బొటనేలు పెట్టిండు. వేలు లోపలికి దిగింది. పైన కాయితమంత పొర, లోపటంత మన్ను. గోడకెల్లి దిగిన చెదలు ఎన్నేండ్ల సంది తింటున్నయో ఏమో, పేరు రాసిన పొర ఒక్కటి ఇడిసిపెట్టి అంత తిన్నయి.

చేవను చెదలు ముట్టవు, తెల్ల కట్టెనే తింటయి. సదాశివకు ఈ ముచ్చట తెల్వక కాదు. ఉలి పట్టిన నాటి సంది తెల్సు, ఊరందరికి చెప్పేటోడు. తను దాస్తున్నదంత చెదలకు మేతేనని మటుకు ఒక్కనాడు మనసుకు తట్టలే. ఒక్కొక్క ముక్క తీసి, పేరు చదివి, ఇవుతల పెట్టిండు. కొన్ని పెట్టంగనే పొడైనయి. ముప్పై ఏండ్ల రెక్కల కష్టం మణెమ్మ గంపలకెత్తి బయట పోస్తుంటె, ఆయన అక్కడే కట్టె పొట్టు మీద కూలబడి చిన్నపోరని లెక్క ఏడ్చిండు.

అన్నిటెనుక ఇంకొకటి మిగిలింది. మూడున్నర ఫీట్ల పొడుగు, తేనె రంగు చేవ. దాని మీద ఏ ఇంటి పేరు లేదు. మణెమ్మ గోరుతోని గీకింది, ఏలుతోని కొట్టింది. గట్టిగ పలికింది. కొంగుతోని తుడిచి, ఇంటి ముందటికి మోసుకపోయి, సిమెంటు కడప మీద పెట్టి చూసింది. కొలిచి కోసినట్టు సరిపోయింది. తలుపు లేకపోతే మానె, కడపన్న ఉన్నదని నవ్వుకుంట లోపలికి పోయి పసుపు గిన్నె తెచ్చింది. ఆమె గట్ల నవ్వంగ సదాశివ చూసి ఎన్ని దినాలాయెనో.

సరిపోక ఎట్లుంటది? ఈ కడప కోసమని కొలత మనసుల పెట్టుకొనే తెచ్చిండాయె. పందొమ్మిదేండ్ల కింద ఝరాసంగంల రేవణసిద్ధప్ప అనే రైతు ఇంట్ల దర్వాజ చేసినప్పుడు మిగిలిన ముక్క అది. తల్లికి పూజపీట చేపిస్తనని రేవణసిద్ధప్ప ముందే అనుకున్నడు. సదాశివ బతుకుల ఆ ఒక్కసారే గడ్డి తిన్నడు. పొట్టు సంచిల పెట్టి తెచ్చుకున్నడు. పెద్దమనిషి రెండు దినాలు ఎతికి, చూసినవా మేస్త్రీ అని అడిగితే, చూడలే పటేలా అన్నడు. ఆ అబద్ధమాడినంక దాన్ని కడపకు బిగించ మనసొప్పక, అన్నిటెనుక దాచిండు.

మణెమ్మ వంగి పసుపుల వేలు ముంచింది. సప్పుడు జెయ్యకుంట ఉంటే అయిపోవు. ఆయనతోని కాలే.

"పెట్టకు మణెమ్మా. అది మనది కాదు. దొంగతనంగ తెచ్చిన."

మణెమ్మ వేలు అట్లనే ఆగింది. ఎవలింటిదని అడిగింది, చెప్పిండు. వేలికంటిన పసుపు గిన్నె అంచుకు తుడిచి అన్నది, కోపంగ కూడ కాదు.

"నువ్వు నీతిగ తెచ్చిందంత మన్నైంది. దొంగతనంగ తెచ్చింది మిగిలింది. పసుపు పెట్టినంక చెప్తే ఏం బోయె నీకు?"



ఆ దినమే సదాశివ ముక్కను గోనెసంచిల చుట్టి, ఎడమ సంకల పెట్టుకొని ఆటోల ఝరాసంగం పోయిండు. రేవణసిద్ధప్ప ఇంటి ముందట నిలబడి చూస్తే తను చేసిన దర్వాజ లేదు. పాత ఇల్లు కూలగొట్టి స్లాబు ఇల్లు కట్టిన్రు, తయారు తలుపులు పెట్టిన్రు. దర్వాజను పాత కట్టె కొనేటోల్లు తీస్కపోయిన్రట. తల్లి పోయి పన్నెండేండ్లు దాటిందట. సదాశివ దొంగతనం ఒప్పుకొని చెయ్యి జోడించబోయిండు, కుడిచెయ్యి సగం దాంకనే లేసింది. ముసలాయన జర సేపు యాది చేసుకున్నడు, యాదికి రాలే.

"ఎన్నడి ముచ్చట మేస్త్రీ. దీనికోసం గింత దూరం వచ్చినవా? పోనీ తియ్, ఆ నీళ్ళ పొయ్యి కాడ పెట్టు."

పొయ్యిల పెట్టేదైతే నేనే తీస్కపోత అనొచ్చు. నోరు రాలే. పోయి, పొయ్యి పక్కన కుప్ప మీద పెట్టి, చాయ్ తాగి పొమ్మంటే వద్దని, వచ్చిన ఆటోలనే మర్లిండు.

ఇంట్ల మణెమ్మ ఇచ్చినవా అని అడిగింది. ఇచ్చిన అన్నడు. ఏమన్నడని అడిగితే తీస్కున్నడని చెప్పిండు. పొయ్యి సంగతి చెప్పలే.

శుక్రారం వచ్చింది. మణెమ్మ వాకిలి ఊడ్చింది, సాన్పి చల్లింది, ముగ్గేసింది. ముప్పై ఏండ్లు రాలిపోతున్నా ఇడువక పెట్టిన సిమెంటు కడపకు మాత్రం పసుపు పెట్టలే. సదాశివ లోపల కూసోని చూసిండు. ఆ తర్వాత శుక్రారం కూడ ఆమె పెట్టలే.